బూడిదరాతిలో వెలసిన ఊళ్ళు

న్యూ మెక్సికో రాష్ట్రం పేరు చెప్పగానే అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి సామాన్యంగా రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, 1943లో అణ్వస్త్ర నిర్మాణం కోసం కొండ నెత్తిన వెలసిన లాస్ అలమోస్ ప్రయోగశాల. రెండవది, ఘాటులో మన గుంటూరు కాయకు సాటి రాకపోయినా అక్కడివారు అంతే మక్కువతో తినే మిరపకాయ. ఆ ప్రయోగశాల నిలిచిన నేల ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ఏడెనిమిది వందల ఏళ్ళ ముందే ఆ నేలను తొలిచి ఇళ్ళు కట్టుకున్నవారెవరు అన్న ప్రశ్నలకు సమాధానం హేమెజ్ పర్వతాలలో ఉంది. ఆల్బుకెర్కీ నగరంలో ఉదయాన్నే బయలుదేరితే సాయంత్రానికి చూసి రాదగిన దూరమే. తొందరపడకుండా రెండు రోజులు కేటాయించుకోగలిగితే మరీ మంచిది.

నగరానికి ఉత్తరంగా పోయి, సాన్ ఇసిద్రో అనే చిన్న ఊరి వద్ద నాలుగవ నంబరు రాష్ట్ర రహదారిని అందుకుంటే కొండదారి మొదలవుతుంది. తొలుత ఎదురయ్యేవి ఎర్రని ఇసుకరాతి గోడలు. వీటికీ అగ్నిపర్వతానికీ సంబంధం లేదు. ఇవి పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన పాత అవక్షేపాలు. వాటి పాదాన హేమెజ్ ప్వేబ్లో ఉంది. ప్వేబ్లో అంటే స్పానిష్ భాషలో ఊరు. ఆ ఊళ్ళలో తరతరాలుగా నివసిస్తున్న ఆదివాసులకు కూడా అదే పేరు స్థిరపడిపోయింది. తోవా అనే భాష మాట్లాడే ప్వేబ్లో ఇప్పుడు ఇదొక్కటే. గ్రామంలో ఛాయాచిత్రాలు తీయడం నిషిద్ధం. ఈ సంగతి పిల్లలకు కారులోనే చెప్పి ఉంచడం మేలు.

మరి కొంత దూరం పోగానే దారి పక్కన ఏటికి అడ్డంగా ఎవరో కట్టినట్టు ఒక రాతిగట్టు కనిపిస్తుంది. దాని పేరు సోడా డ్యామ్. కట్టింది మనుషులు కాదు, రసాయనశాస్త్రం. భూమి లోపలి వేడినీటిలో కార్బన్ డయాక్సైడు దండిగా కరిగి ఉంటుంది. ఆ నీరు సున్నపురాతి పొరల గుండా వచ్చేటప్పుడు రాతిని కొద్దికొద్దిగా కరిగించి, కాల్షియం బైకార్బొనేటు రూపంలో వెంట తెచ్చుకుంటుంది. పైకి రాగానే ఒత్తిడి తగ్గి వాయువు ఎగిరిపోతుంది. పట్టు తప్పిన కాల్షియం కార్బొనేటు అక్కడికక్కడే పేరుకుంటుంది. బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టడానికీ, విశాఖ మన్యంలో బొర్రా గుహల కప్పు నుంచి రాతి ఊడలు వేలాడడానికీ కారణం ఈ చర్యే. ఇరవయ్యవ శతాబ్దంలో రోడ్డు కోసం ఈ గట్టులో కొంత భాగాన్ని పేల్చివేశారు. దానితో వేడినీటి దారి మారిపోయి గట్టు పెరుగుదల కుంటుపడింది. వేల ఏళ్ళ పనికి అడ్డుకట్ట వేయడానికి కాస్త డైనమైటు చాలింది.

ఇంతకీ ఆ నీటికి వేడి ఎక్కడిది? యాత్రలో అసలు కథ ఇక్కడే ఆరంభమవుతుంది. రోడ్డు ఎక్కుతూ పోయి ప్రవేశించేది ఒక అగ్నిపర్వతపు కడుపులోకి. దాని పేరు వాయెస్ కాల్డెరా. వాయెస్ అంటే లోయలు, కాల్డెరా అంటే కాగు. అంచు నుంచి అంచుకు సుమారు 22 కిలోమీటర్ల వెడల్పున్న ఈ కాగు మొదటి చూపుకు అగ్నిపర్వతంలా ఉండదు. కోసుగా నిలిచిన శిఖరమూ, నోటి నుంచి పొగా మన ఊహలోని అగ్నిపర్వతపు లక్షణాలు. ఇది అందుకు పూర్తిగా విరుద్ధం: ఉన్నదంతా వెళ్ళగక్కి తనలోకి తానే కూలిపోయిన పర్వతం.

దీనిని అర్థం చేసుకోవడానికి వంటింటి పాకం చాలు. దక్కను పీఠభూమిని సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం కప్పిన లావా లేతపాకం వంటిది. అందులో సిలికా ఇంచుమించు సగం పాళ్ళు మాత్రమే. కనుక అది పగుళ్ళ నుంచి పొంగి, వందల మైళ్ళు పారి, పొరలు పొరలుగా గడ్డకట్టింది. తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాల నల్లరాయి అదే. హేమెజ్ అడుగున తయారైనది ముదురుపాకం. అందులో సిలికా నూటికి డెబ్భై పాళ్ళు దాటుతుంది. సిలికా ఎక్కువైన కొద్దీ సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకొని ద్రవం కదలలేనంత చిక్కనవుతుంది. కరిగి ఉన్న నీటి ఆవిరికి బయటపడే దారి ఉండదు. పైకప్పు పగిలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిన క్షణాన, మూత తీసిన సోడాబుడ్డిలో వలె ద్రవమంతా నురగై, నురగ తునాతునకలై, గాజు తుంపరలుగా, బూడిదగా ఎగజిమ్ముతుంది.

అటువంటి మహా విస్ఫోటనాలు ఇక్కడ రెండు జరిగాయి. మొదటిది సుమారు 16 లక్షల ఏళ్ళ క్రితం, రెండవది సుమారు 12.5 లక్షల ఏళ్ళ క్రితం. ఒక్కొక్కసారి వెలువడిన పదార్థం వందల ఘనకిలోమీటర్లు. 1980లో వాషింగ్టన్ రాష్ట్రంలోని సెయింట్ హెలెన్స్ పర్వతం వెళ్ళగక్కినదాన్ని దీని పక్కన పెడితే చెంచాడు కూడా కాదు. వందల డిగ్రీల వేడితో వాయువూ, బూడిదా, నురగరాళ్ళూ కలిసిన మేఘాలు నేలబారుగా పరుగెత్తి, ఉన్న లోయలన్నిటినీ పూడ్చివేశాయి. ఆ పూత చల్లారి టఫ్ అనే బూడిదరాయి అయింది. అడుగున ద్రవశిల ఖాళీ కాగానే పైకప్పు కూలి కాగు ఏర్పడింది. తరువాత కొన్ని పదుల వేల ఏళ్ళలోనే, అడుగున మళ్ళీ చేరిన ద్రవశిల కూలిన నేలను నడుమనుంచి పైకి ఎత్తింది. కాగు మధ్య 11,254 అడుగుల ఎత్తున నిలిచిన రెడోండో శిఖరం పుట్టుక ఇది. కూలిన కాగు అడుగు మళ్ళీ పైకి లేస్తుందన్న భావనను అమెరికా భూగర్భ సర్వేకు చెందిన రాబర్ట్ స్మిత్, రాయ్ బెయిలీ ముఖ్యంగా ఈ పర్వతాన్ని చూసి స్థిరపరచారు. 1968లో వారు ప్రచురించిన వ్యాసం తరువాత ప్రపంచంలోని ఇటువంటి కాగులన్నిటికీ వాయెస్ కాల్డెరాయే నమూనా అయింది.

అటువంటి కాగుల్లో మరొకటి సుమత్రా దీవిలోని తోబా. దానితో తెలుగువారికి నేరుగా సంబంధం ఉంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం తోబా పేలినప్పుడు ఎగసిన బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి మన నేలమీద రాలింది. నేటి నంద్యాల జిల్లా బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురం వద్ద, జుర్రేరు లోయలో ఆ బూడిద మందమైన తెల్లని పొరగా నేటికీ ఉంది. పాత్రలు తోమే పొడుల కోసం అక్కడివారు దానిని తవ్వి అమ్మారు కూడా. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ ప్రభృతులు అక్కడ తవ్వకాలు జరిపి, బూడిద పొరకు కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఊరి పేరులోని జ్వాల కేవలం కాకతాళీయం కావచ్చు. బూడిద మాత్రం నిజం.

మళ్ళీ హేమెజ్‌కు వద్దాం. కాగు లోపల చివరగా పారిన లావా బాంకో బొనీతో ప్రవాహం. సుమారు 70,000 ఏళ్ళ క్రితంది, అంటే తోబాకు ఇంచుమించు ఈడైనది. నాలుగవ నంబరు రోడ్డు దాని మీదుగానే పోతుంది. నాడు పేలకుండా మెల్లగా వెలువడి, స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా చల్లారిన సిలికా ద్రవం నల్లని అగ్నిశిలా గాజుగా మారింది. దానిని అబ్సిడియన్ అంటారు. పగలగొడితే ఉక్కు కత్తికన్నా పదునైన అంచు వస్తుంది. ఇనుము ఎరుగని ప్రజలకు అది పెన్నిధి. హేమెజ్ కొండలలోని పలు గుట్టల అబ్సిడియన్ నైరుతి అమెరికాలో దూరప్రాంతాలకు ఎగుమతి అయింది. చేతిలో ఇమిడే పెచ్చును చూసి అది ఏ గుట్టదో చెప్పడం ఎలా? రాతిమీద ఎక్స్ కిరణాలు పడినప్పుడు అందులోని ప్రతి మూలకమూ తనదైన కిరణాన్ని తిరిగి వెదజల్లుతుంది. రుబీడియం, స్ట్రాన్షియం, యిట్రియం, జిర్కోనియం, నియోబియం ఏ పాళ్ళలో ఉన్నాయో కొలిస్తే గుట్టకొక వేలిముద్ర వంటి గుర్తు బయటపడుతుంది. రాయికి గీత కూడా పడదు. అయితే ఆ పెచ్చు ఎక్కడ దొరికిందన్నది తెలిసినంత వరకే ఈ విద్యకు విలువ. నేలమీది పెచ్చును జేబులో వేసుకొని పోతే రాయి మిగులుతుంది, చరిత్ర పోతుంది. అక్కడ వాటిని ఏరడం చట్టవిరుద్ధం కూడా.

బాంకో బొనీతో మీద హేమెజ్ ప్వేబ్లో పూర్వికులు పొలాలు సాగు చేశారు. కావలి గుడిసెల వంటి చిన్న రాతి ఇళ్ళు కట్టుకున్నారు. వాటి పునాదులు నేటికీ ఉన్నాయి. కాగు మొత్తం చాలాకాలం బాకా ర్యాంచ్ పేరుతో ప్రైవేటు పశువుల మేతభూమిగా ఉండి, 2000లో కేంద్రప్రభుత్వం కొనుగోలు చేయగా జాతీయ సంరక్షిత ప్రాంతమైంది. 2014 చట్టంతో నేషనల్ పార్క్ సర్వీసు చేతికి వచ్చింది. ఈ భూమి తమదేనని, తాము ఎన్నడూ దానిని వదులుకోలేదని హేమెజ్ ప్రజలు 2012లో కోర్టుకు వెళ్ళారు. 2023లో పదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు తక్కిన ప్రాంతం మాట ఎలా ఉన్నా, బాంకో బొనీతో మీద వారి ఆదిమ హక్కు చెరిగిపోలేదని తీర్పు చెప్పింది. కాగులో అన్నిటికన్నా చిన్న వయసు రాయి మీద అన్నిటికన్నా పాత హక్కు గుర్తింపు పొందిందన్నమాట.

అక్కడినుంచి కొద్దిదూరంలో దారి మలుపు తిరగగానే వాయే గ్రాందే, అంటే పెద్దలోయ, ఒక్కసారిగా కళ్ళ ముందు పరచుకుంటుంది. మైళ్ళ పొడవున పచ్చిక. చుట్టూ గుట్టల మీద దట్టమైన అడవి, అడుగున మాత్రం ఒక్క చెట్టు లేదు. కొండ పైకి పోయేకొద్దీ చెట్లు తగ్గడం లోకంలో చూసే రీతి. ఇక్కడ అది తలక్రిందులైంది. రాత్రివేళ బరువైన చల్లగాలి వాలుల వెంట జారి కాగు అడుగున నిలుస్తుంది. మొలకలు ఆ మంచుకు తట్టుకోలేవు. పైగా అడుగున ఉన్నది ఒకప్పటి చెరువు బంకమట్టి. ఈ చెరువు మట్టికి ఉన్న విలువ అంతా ఇంతా కాదు. 2004లో ఇక్కడ 80 మీటర్లకు పైగా లోతున మట్టిని నిలువు కడ్డీలుగా తవ్వి తీశారు. సుమారు అయిదున్నర లక్షల ఏళ్ళ నాటి నుంచి దాదాపు రెండు లక్షల ఏళ్ళ వాతావరణ చరిత్ర అందులో నమోదై ఉంది. పీటర్ ఫాసెట్ బృందం 2011లో నేచర్ పత్రికలో వెల్లడించిన ఫలితం ఏమిటంటే, మంచుయుగాల నడుమ వెచ్చని కాలాలలో ఈ ప్రాంతంలో వందలు, వేల ఏళ్ళ పాటు సాగిన మహా అనావృష్టులు ఉన్నాయి. న్యూ మెక్సికోలో కరువు కొత్త అతిథి కాదు, ఇంటి మనిషే.

అదే 2011 జూన్ 26న, వాయే గ్రాందేకు సమీపంలోని లాస్ కొంచాస్ వద్ద ఒక చెట్టు విద్యుత్తు తీగల మీద పడి కార్చిచ్చు రగిలింది. తొలి పద్నాలుగు గంటలలో అది సెకనుకు సుమారు ఒక ఎకరం చొప్పున అడవిని దహించింది. ఆరేసరికి 1,56,000 ఎకరాలు మసి అయ్యాయి. శాంతా క్లారా ప్వేబ్లో వారికి నీరిచ్చే అడవి చాలా భాగం పోయింది. రోడ్డు తూర్పుకు దిగే కొద్దీ నల్లని మోళ్ళ నడుమ ఆ జాడలు నేటికీ కనిపిస్తాయి. దిగి చేరేది పహరీతో పీఠభూమి. పన్నెండు లక్షల ఏళ్ళ క్రితం పరచుకున్న బూడిదరాతిని వాగులు కోసి, చేతివేళ్ళ వలె విడదీసిన నేల ఇది. ఒక వేలి మీద లాస్ అలమోస్ ఉంది. తవ్వడానికి సులువైన రాయి కావడం వల్లనే ప్రయోగశాల తన రేడియోధార్మిక వ్యర్థాలను ఈ రాతిలో తవ్విన గోతులలో పూడ్చింది. పక్కనే మరో రెండు వేళ్ళ సందున, అదే సులువును ఆసరా చేసుకొని, మరొక జాతి సంసారం చేసింది.

ఆ చోటే బాండెలీర్ జాతీయ స్మారకం. అందులో ముఖ్యమైనది ఫ్రిహోలెస్ లోయ. ఫ్రిహోలెస్ అంటే చిక్కుడు జాతి గింజలు. మన మాటలో చెప్పాలంటే చిక్కుళ్ళ వాగు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి వారి ప్రధాన పంటలు. సుమారు 1150 నుంచి 1550 వరకు ఇక్కడ ప్వేబ్లోల పూర్వికులు నివసించారు. 13వ శతాబ్దం చివర, చెట్ల వలయాలు సాక్ష్యమిచ్చే పెద్ద కరువులో, వాయవ్యాన ఉన్న ప్రాంతాలు విడిచి ఎందరో ఈ దిక్కుకు తరలి వచ్చారు.

వాగు ఒడ్డున మొదట కనిపించేది త్యువోన్యి అనే వలయాకారపు గ్రామం. దాదాపు 400 గదులు, నడుమ ముంగిలి. గోడలకు వాడినవి టఫ్ దిమ్మెలే. అక్కడినుంచి బాట ఉత్తరపు కొండగోడ వైపు ఎక్కుతుంది. రేంజర్లు నడిపే బృందంలో ఉంటే వారు ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేయడం కద్దు: ఇళ్ళన్నీ ఈ గోడకే ఎందుకున్నాయి, ఎదుటి గోడకు ఎందుకు లేవు? పిల్లలు తేలికగానే పట్టేస్తారు. ఉత్తరపు గోడ దక్షిణానికి అభిముఖం. శీతకాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా ప్రయాణిస్తాడు. ఎండంతా ఈ గోడకే. సన్నని గాలిరంధ్రాలతో నిండిన టఫ్ ఆ వెచ్చదనాన్ని లోపల నిలుపుతుంది.

రాయి గుణం ఇంకొకటి ఉంది. కొండముఖం మీద తడి ఆరుతూ వదిలిన ఖనిజాలు పెంకులా గట్టి పడతాయి. ఆ పెంకు పగిలితే లోపల మెత్తన. సహజంగా ఏర్పడిన తొర్రలను ఆధారంగా తీసుకొని రాతి పనిముట్లతోనే గదులు తొలిచారు. అయితే వీటిని గుహాలయాలతో పోల్చరాదు. గుంటుపల్లి చైత్యగృహాన్ని ఇనుప ఉలులతో శిల్పులు భిక్షువుల కోసం చెక్కారు. కొయ్య ఇంటి వాసాలను సైతం రాతిలో అనుకరించారు. ఇక్కడివి మామూలు సంసారుల ఇళ్ళు. కొండకు ఆనించి ముందు రెండు మూడు అంతస్తుల రాతి ఇల్లు కట్టుకొని, గుహను వెనుక గదిగా వాడుకునేవారు. ముందు ఇళ్ళు కూలిపోయాయి. పైకప్పు దూలాలు దూర్చిన గుండ్రని రంధ్రాలు వరుసలు వరుసలుగా గోడలో మిగిలాయి. వాటిని లెక్కపెట్టి ఏ ఇంటికి ఎన్ని అంతస్తులో చెప్పవచ్చు. ఇటువంటి ఇళ్ళ వరుస ఒకటి 800 అడుగుల పొడవున సాగుతుంది.

నిచ్చెన ఎక్కి ఒక గుహలోకి తొంగి చూస్తే ఇంటి ఇల్లాలు ఇప్పుడే బయటికి వెళ్ళిందా అనిపిస్తుంది. గోడల కింది సగానికి మట్టిపూత. కప్పంతా పొగమసి. ఆ మసి కప్పు నుంచి బూడిద రాలకుండా కాపాడేది. పొగచూరిన వంటింటి దూలానికి పురుగు పట్టదని మన పల్లెల్లో పెద్దలు అనుకున్నట్టే వారూ కనిపెట్టి ఉంటారు. కొన్ని గదుల నేలలో చిన్న గుంటలు వరుసగా ఉంటాయి. నిలువు మగ్గం అడుగుబద్దను కట్టిన చోట్లు అవి. మన గుంటమగ్గంలో నేతగాడి కాళ్ళు నేలలో ఉంటాయి, వారిది మగ్గమే గోడలా నిలుస్తుంది. మొక్కజొన్న నూరిన రాళ్ళు మన సన్నికల్లు, పొత్రాలకు తోబుట్టువులే. కాళ్ళలో సత్తువ, ఎత్తు అంటే భయం లేకపోవడం ఉన్నవారు మరికొంత దూరం నడిచి, నాలుగు కొయ్య నిచ్చెనలు ఎక్కి, లోయ అడుగుకు 140 అడుగుల పైనున్న ఆల్కోవ్ హౌస్ కూడా చూడవచ్చు. పసిపిల్లలను ఎత్తుకొని ఎక్కే సాహసం వద్దు.

1880లో కోచిటీ ప్వేబ్లోకు చెందిన హోసే మొంతోయా ఈ లోయకు ఒక విద్వాంసుని తీసుకొని వచ్చాడు. ఆయనే స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో పెరిగిన అడాల్ఫ్ బాండెలీర్. 1916లో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ స్మారకాన్ని ప్రకటించినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. దారి చూపినవాని పేరు పెట్టలేదు. దీనివల్ల కలిగిన అపోహ ఏమంటే, ఇక్కడి జనం ఒకనాడు మాయమైపోయారని, శిథిలాలను తరువాత ఎవరో కనుగొన్నారని. పాత పుస్తకాలలో ఇంకా కనిపించే అనసాజీ అన్న పేరు కూడా వారిది కాదు. నవాహో భాషలో శత్రువుల పూర్వికులు అని అర్థం వచ్చే మాట. ప్వేబ్లోలకు అది రుచించదు. పంటనేల సారం తగ్గి, కట్టెలు కరువై, వానలు ముఖం చాటేసినప్పుడు వారు రియో గ్రాందే నది ఒడ్డుకు దిగి కోచిటీ, సాన్ ఇల్డెఫోన్సో వంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. పనికోసం సముద్రాలు దాటివచ్చి, గోదావరి జిల్లాలోనో పాలమూరులోనో తాతగారి ఇంటికి తాళం వేసి ఉంచిన మనకు ఈ తేడా ఒకరు విడమరచి చెప్పవలసినది కాదు. ఆ ఇంటిని శిథిలమని పిలిచి, గోడమీద పేరు గీసి పోతే మనకెలా ఉంటుంది? టఫ్ మీద గోటితో గీసినా గీత పడుతుంది. మళ్ళీ మానదు.

2011 కార్చిచ్చు ఈ స్మారకంలో అరవై శాతానికి పైగా కాల్చింది. అడవి పోయిన వాలుల నుంచి ఆ ఆగస్టులోనే వరద వచ్చి ఫ్రిహోలెస్ లోయను ముంచెత్తింది. గుహలు ఎత్తున ఉండడంవల్ల బయటపడ్డాయి. వెళ్ళదలచినవారు కార్లకు అనుమతి ఉన్నదీ లేనిదీ, ఏ బాటలు మూసి ఉన్నదీ ముందుగా విచారించుకోవాలి. ఇంత ఎత్తులో ఎండ, ఆయాసం రెండూ ఎక్కువే. మంచినీళ్ళు సమృద్ధిగా ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో, రోడ్డు పక్కనే విడిగా ఉన్న సాంకవీ భాగాన్ని చాలామంది చూడకుండానే వెళ్ళిపోతారు. అది పొరపాటు. సాన్ ఇల్డెఫోన్సో ప్రజల పూర్వికులు ఉన్న ఊరు ఇది. మెట్ట మీదికి చేరాక పడమట లాస్ అలమోస్, తూర్పున రియో గ్రాందే లోయ కనిపిస్తాయి. తవ్వకాలు జరపని గ్రామం కాళ్ళ కింద మట్టిదిబ్బగా ఉంటుంది. దానిమీద చెల్లాచెదురుగా కుండపెంకులు, నల్లని అబ్సిడియన్ పెచ్చులు. చూసి, ఉన్నచోటనే వదిలి రావాలి. అన్నిటికన్నా వింత అక్కడి కాలిబాట. దానిని ఎవరూ చెక్కలేదు. ఉలి తెలియని పాదాలు నీళ్ళకు, పొలాలకు, పొరుగూళ్ళకు తరతరాలుగా నడిచి నడిచి బూడిదరాతిని మోకాలి లోతున అరగదీశాయి. కొన్నిచోట్ల బాట ఎంత ఇరుకంటే పాదం పక్కన పాదం పట్టదు. ఒకరి వెనుక ఒకరుగా, ముందు నడిచినవారి జాడలోనే అడుగు వేసుకుంటూ దిగాలి.